ఊరు మారిన జట్టు

తనకు ఏ లాభమూ చేకూర్చని దానిపై మనిషి పెంచుకొనే మమకారానికి అభిమానమని పేరు. పొలంపై మమకారానికి పంట కారణం. బిడ్డలపై మమకారానికి రక్తసంబంధం కారణం. ఎక్కడో వందల మైళ్ల దూరంలో పదకొండు మంది బంతి వెంట పరుగెత్తుతుంటే, వారి గెలుపుకు పొంగిపోయి, వారి ఓటమికి అన్నం సహించక కూర్చొనేవానికి మాత్రం చెప్పుకోదగిన కారణమేదీ కనిపించదు. కారణం లేనందువల్లనే కాబోలు, ఆ ముడి అంత తేలికగా వీడదు. అటువంటి అభిమానానికి ఒకనాడు ఆధారమే లేకుండా పోతే ఆ మనిషి ఏం చేయాలి? తిరుమల కొండమీద చిన్న అంగడి నడుపుకొనే ఒక ఫుట్‌బాల్ అభిమానికి 2025వ సంవత్సరం చివరలో ఎదురైన ప్రశ్న ఇదే.

ఆయన అంగడిలో దేవుని పటాలు, కంకణాలు, కుంకుమ భరిణెలు, చెక్కబొమ్మలు, పిల్లల ఆటవస్తువులు అమ్ముతాడు. పటాల వరుస పక్కన ఒక మేకుకు పసుపుపచ్చని జెర్సీ ఒకటి ఆరేళ్లపాటు వేలాడింది. మొక్కు చెల్లించుకోవడానికి పసుపు బట్టలు ధరించి కొండకు వచ్చే యాత్రికులు దానిని కూడా మొక్కుబట్టే అనుకొనేవారు. “ఏం మొక్కు సామీ?” అని అడిగిన వారికి ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకొనేవాడు. నిజానికి అది హైదరాబాద్ ఎఫ్.సి. అనే ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీ. పసుపు, నలుపు ఆ క్లబ్బు రంగులు.

క్రికెట్ తప్ప మరొక ఆట పేరెత్తని వీథిలో పుట్టిన ఆయనకు ఫుట్‌బాల్‌పై మక్కువ తండ్రి నుండి సంక్రమించింది. తండ్రి చిత్తూరు జిల్లాలోని బడులలో డ్రిల్లు అయ్యవారుగా పనిచేసి, ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటి కొడుకు వద్ద విశ్రాంతి తీసుకొంటున్నాడు. యౌవనంలో, 1964లో, వ్యాయామ విద్య అభ్యసించడానికి ఆయన హైదరాబాదు వెళ్లాడు. అంతకు ఏడాది ముందు, 1963 జూన్‌లో, సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూశాడు. నగరంలో ఏ మైదానానికి వెళ్లినా ఆటగాళ్ల నోట ఆ పేరే వినిపించేదట. ఆ పేరునే తండ్రి కొండకు మోసుకొచ్చి, పిల్లవాడికి కథలాగా చెప్పాడు.

రహీం వృత్తిచేత బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకుడుగా ఉన్న కాలంలో ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకొంది. భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు. ఆయన నేతృత్వంలో మన దేశం 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకు మించిన స్థానాన్ని ఎన్నడూ అందుకోలేదు. జకార్తాకు వెళ్లేనాటికే రహీం క్యాన్సరు వ్యాధిగ్రస్తుడు. దక్షిణ కొరియాపై 2-1 తేడాతో గెలిచిన ఆ ఫైనల్ తరువాత ఏడాదైనా గడవకముందే ఆయన జీవితం ముగిసింది.

ఈ విజయాలకంటె ఆయన పాఠం చెప్పిన తీరే డ్రిల్లు అయ్యవారిని ఎక్కువగా ఆకర్షించింది. కుర్రవాళ్లు తమకు అలవాటైన కాలినే నమ్ముకోకుండా ఉండడానికి, అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో రహీం పోటీలు పెట్టేవాడట. తండ్రి ఈ పద్ధతిని తన బడులలో అమలు చేశాడు. కుడికాలి వాటమున్న పిల్లలు ఎడమకాలితో తన్నబోయి చతికిలపడుతుంటే ఊరివాళ్లు గోడలెక్కి నవ్వేవారు. “బలమైన కాలు తన పని తాను చేసుకుంటుంది. బలహీనమైన కాలికే గదా అయ్యవారు కావాల్సింది” అని ఆయన బదులిచ్చేవాడు.

ఇటువంటి ఇంట పెరిగిన అంగడి యజమానికి 2019 ఆగస్టు నెల పండుగలాగా తోచింది. 2014లో ఆరంభమైన ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాదు పేరుతో ఒక జట్టు అవతరించిందన్న వార్త ఆ నెలలో వెలువడింది. అప్పటికి ఐదు సీజన్లు ఆడిన పుణె జట్టు మూతపడగా, లీగులో దాని స్థానం హైదరాబాదుకు దక్కింది. ఆరోజు ఆయన తండ్రి ముందు పత్రిక పరచి ఆ వార్తను రెండుసార్లు చదివి వినిపించాడు. వృద్ధుడు విని, “ఆటగాళ్లు మన పిల్లకాయలేనా?” అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్న కొడుకు ఉత్సాహానికి అడ్డు రాలేదు.

ఆ జట్టు తన మొదటి పోటీలోనే కలకత్తాలో 5-0 తేడాతో చిత్తుగా ఓడింది. అయినా 2019 నవంబరు 2న హైదరాబాదులోని గచ్చిబౌలి స్టేడియంలో జరుగనున్న తొలి సొంతగడ్డ పోటీని చూడాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. అంగడిని భార్యకు అప్పగించాడు. “గెలిస్తే కప్పులో సగం మీకిస్తారా ఏమన్నా?” అని ఆమె సాగనంపింది. ఆయన కొండ దిగి, తిరుపతిలో నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి లింగంపల్లిలో దిగాడు. ఆ సాయంత్రం హైదరాబాదు జట్టు కేరళ బ్లాస్టర్స్‌పై 2-1 తేడాతో గెలిచింది. ముక్కూ మొహమూ తెలియని మనుషులు ఆయనను కౌగిలించుకొన్నారు. నిత్యం వేలాది జనం మధ్య మెలిగే ఆయనకు జనం కొత్త కాదు. కాని, వారందరూ తన వద్ద సరుకు కొనడానికి రాక తనతోపాటు ఒకే మాట అరవడానికి వచ్చిన జనం కావడం కొత్త. తిరుగు ప్రయాణంలో ఆయన సంచిలో ఒక పసుపు జెర్సీ ఉంది.

ఆ చలికాలంలోనే ఒక చిన్న సంఘటన జరిగింది. దర్శనం ముగించుకొన్న ఒక మరాఠీ కుటుంబం అంగడి ముందు ఆగింది. పెద్దలు పటాలు బేరమాడుతుండగా, వారి వెంట ఉన్న యువకుడు గోడమీది జెర్సీని తదేకంగా చూస్తూ నిలబడ్డాడు. తమది పుణె అని, మొన్నటి దాకా తనకూ ఒక జట్టు ఉండేదని అతడు హిందీలో మెల్లగా చెప్పాడు. అంగడి యజమాని ఆ మాటలోని బరువును గుర్తించలేదు. కొత్త జట్టు దొరికిన గర్వంతో, “మీ వాళ్లు నిలుపుకోలేకపోయారు, మా వాళ్లు తెచ్చుకొన్నారు” అని నవ్వుతూ జవాబిచ్చాడు. యువకుడు మారుమాట పలుకలేదు. రెండు కంకణాలు కొని, చిల్లర లెక్కపెట్టుకొని, జనంలో కలిసిపోయాడు.

ఆ సీజనులో హైదరాబాదు జట్టు ఆడిన 18 పోటీలలో రెండింటిలోనే గెలిచి, పది జట్లలో చిట్టచివరి స్థానంలో నిలిచింది. ఇంతలో లోకాన్ని మహమ్మారి చుట్టుముట్టింది. 2020 మార్చిలో తిరుమలలో భక్తులకు దర్శనాలు నిలిచిపోయాయి; మళ్లీ మొదలయ్యేసరికి జూన్ నెల వచ్చింది. రాత్రింబవళ్లు గోవిందనామంతో మారుమ్రోగే వీథులలో పక్షుల కూతలు వినిపించాయి. అమ్మకాలు లేక అంగడి మూసుకొన్న ఆ రోజులలో తండ్రీకొడుకులు పాత ఆటల ముచ్చట్లతో కాలం గడిపారు. ఆ సంవత్సరం చివర లీగు మళ్లీ మొదలైంది గాని, పోటీలన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానాలలో జరిగాయి. స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్కెజ్ శిక్షణలో హైదరాబాదు జట్టు ఐదవ స్థానానికి ఎదిగింది. మరుసటి సీజనులో రెండవ స్థానం సంపాదించి ఫైనల్ చేరింది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో జరిగిన ఆ ఫైనల్‌ను ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు కూర్చొని చూశారు. కేరళ జట్టు ముందుగా గోలు చేసింది. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలే మిగిలి ఉండగా సాహిల్ తవోరా దూరం నుండి తన్నిన బంతి వలలో పడి ఆటను సమం చేసింది. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీ కిక్కుల ఘట్టం వచ్చేసరికి అంగడి యజమాని, జట్టు గెలిస్తే అలిపిరి నుండి నడిచి కొండెక్కుతానని మొక్కుకొన్నాడు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు కిక్కులను అడ్డుకొన్నాడు. 3-1 తేడాతో హైదరాబాదు జట్టు విజేతగా నిలిచింది. మూడేళ్లయినా నిండని క్లబ్బు దేశంలో అగ్రస్థానానికి చేరింది.

కొండమీద నివసించేవాడు మెట్లెక్కి మొక్కు చెల్లించాలంటే ముందుగా కొండ దిగాలి. ఆయన వేకువనే బస్సులో అలిపిరికి దిగి, మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లు ఎక్కి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. మోకాళ్లు పట్టుకొని అరుగుమీద కూర్చొన్న కొడుకుతో తండ్రి, “ఏరా, ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా?” అని అడిగాడు. దిగేటప్పుడు బస్సులో వచ్చాను గనుక తెలియలేదన్నాడు కొడుకు. ఆ మాటకు ఇద్దరూ నవ్వుకొన్నారు. దిగడమంటే ఏమిటో తరువాతి సంవత్సరాలు నేర్పాయి.

2022 చివరి నెలలలో జట్టు మళ్లీ గచ్చిబౌలి మైదానానికి తిరిగి వచ్చింది. తాము గెలిచిన కప్పును సొంత ఊరి వాళ్లు కళ్లారా చూసి చప్పట్లు కొట్టే అవకాశం అప్పుడు గాని కలుగలేదు. ఆ సీజనులో 20 పోటీలలో 13 గెలిచి 42 పాయింట్లతో జట్టు రెండవ స్థానం పొందింది. సెమీఫైనల్ రెండు పోటీలలోనూ గోలు పడలేదు. చివరకు 2023 మార్చిలో కలకత్తాలో పెనాల్టీ కిక్కులతో ఓటమి ఎదురైంది. అదే ఆ జట్టు వైభవానికి చివరి మెట్టని అభిమానులెవరూ ఊహించలేదు.

ఆ తరువాత శిక్షకుడు వెళ్లిపోయాడు. క్లబ్బు ఆర్థికంగా చితికిపోయింది. జీతాల బకాయిల మాట పత్రికలకెక్కింది. కొత్త ఆటగాళ్లను చేర్చుకోవడంపై నిషేధం పడింది. 2023-24 సీజను నడుమనే విదేశీ ఆటగాళ్లు, పేరున్న స్వదేశీయులు ఒక్కొక్కరుగా జట్టును వీడారు. మిగిలినవారు చాలామటుకు మీసకట్టు సరిగా రాని కుర్రవాళ్లు. వారాల తరబడి ఓటమి వెంట ఓటమి వచ్చింది. ఆ జట్టు పోటీ ఉన్నరోజు అంగడిలో టెలివిజన్ పెట్టడం కూడా ఆయన మానుకొన్నాడు.

2024 మార్చిలో ఆ జట్టు చెన్నైకి ఆడటానికి వచ్చింది. తిరుపతి నుండి చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణం. పోదామా వద్దా అని ఊగిసలాడి, చివరకు చావు ఇంటికి వెళ్లినట్లు వెళ్లాలనుకొని ఆయన బస్సెక్కాడు. స్టేడియంలో అందరూ చెన్నై జట్టు అభిమానులే. పసుపు జెర్సీలు వేళ్లమీద లెక్కించవచ్చు. ఆ సాయంత్రం హైదరాబాదు కుర్రవాళ్లు చేసింది ఒకే ఒక్క గోలు. దాన్ని చివరి క్షణం దాకా ప్రాణంలాగా కాపాడుకొన్నారు. ఆట ముగిసిన ఈల వినబడగానే ప్రపంచకప్పు గెలిచినట్లు నేలమీద సాగిలపడ్డారు. ఆ సీజనులో ఆడిన 22 పోటీలలో వారికి దక్కిన గెలుపు అదొక్కటే.

గోవాలో కప్పు గెలిచిన రాత్రి కలుగని భావమొకటి చెన్నైలో ఆయన మనస్సును ఆవరించింది. కప్పు గెలిచినవారికి కీర్తి ఉంది, ధనం ఉంది, వారికోసం చప్పట్లు కొట్టేవారు వేలమంది ఉన్నారు. ఈ కుర్రవాళ్లకు అవేవీ లేవు. అయినా తమకు చేతనైనంత ఆడారు. తాను అభిమానించేది గెలుపునే అయితే ఇంతదూరం వచ్చి ఉండేవాడు కాదని ఆయనకు ఆ క్షణాన తెలిసింది. రాత్రి తిరుగు బస్సులో కునుకు పట్టలేదు. “ఆటగాళ్లు మన పిల్లకాయలేనా?” అని తండ్రి ఐదేళ్ల క్రితం వేసిన ప్రశ్న చెవిలో మెదిలింది. ఆ కుర్రవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో ఆయన ఎన్నడూ లెక్కించలేదు. కాని, ఆ ప్రశ్నకు ఉన్న లోతు మొదటిసారిగా అర్థమైంది. మన పిల్లలు ఆడి ఎదిగే మైదానాల నుండి పుట్టని జట్టు, ఎంత ఎత్తుకు పోయినా, గాలిపటం వంటిదే. దారం ఇంకెవరి చేతిలోనో ఉంటుంది.

2024లో క్లబ్బు యాజమాన్యం మారింది. ఆశ చిగురించింది. అయినా తరువాతి సీజనులో జట్టు 13 జట్లలో 12వ స్థానంతోనే సరిపెట్టుకొంది. 2025 చివరలో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే పేరు ధరించింది. ఊరు మారింది, పేరు మారింది. ఆరేళ్లుగా గచ్చిబౌలిలో గొంతెత్తి అరిచినవారిని సలహా అడిగినవారెవరూ లేరు. దేవాలయంలో మూలవిరాట్టు ఉన్నచోటనే ఉంటాడు. ఊరేగేవి ఉత్సవమూర్తులు, అవీ సాయంత్రానికి గుడి చేరుతాయి. కొండమీద పుట్టి పెరిగిన మనిషికి, ఊరేగింపు వెళ్లినవాడు తిరిగి రాకపోవడమనేది ఊహకు అందని విషయం.

వార్త తెలిసిననాడు ఆయనకు కోపం వచ్చింది. వ్యాపారాన్ని నిందించాడు, లీగును నిందించాడు. కోపం చల్లారిన తరువాత, ఆరేళ్ల క్రితం అంగడి ముందు నిలబడిన పుణె యువకుని ముఖం కళ్లముందు కదిలింది. “మీ వాళ్లు నిలుపుకోలేకపోయారు, మా వాళ్లు తెచ్చుకొన్నారు” అని తాను అన్న మాట గుర్తుకు వచ్చి ఆయన తలవంచుకొన్నాడు. ఇప్పుడు ఢిల్లీలో ఎవడో ఒక యువకుడు కొత్త జెర్సీ కొనుక్కొని మురిసిపోతూ ఉంటాడు. అతనిపై కోపగించుకొనే హక్కు తనకు లేదు. తన సంతోషం కూడా ఒకనాడు పరాయివాని దుఃఖం మీదనే నిలబడింది. ఆ యువకుడు కొనుక్కొన్న రెండు కంకణాలకు డబ్బు పుచ్చుకొన్న విషయం కూడా ఇప్పుడు ఆయనను బాధించింది.

తిరుపతిలో డిగ్రీ చదువుతున్న కూతురు తండ్రి దిగులు గమనించింది. ఒక ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఇంగ్లండులోని వింబుల్డన్ కథ చెప్పింది. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బును యజమానులు వేరొక ఊరికి తరలించడానికి 2002లో అనుమతి లభించింది. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. అదే ఏడాది తామే చందాలు వేసుకొని ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే కొత్త క్లబ్బును స్థాపించారు. ఊరి ఉమ్మడి మైదానంలో ఎవరైనా వచ్చి ఆడి చూపవచ్చని ప్రకటించి ఆటగాళ్లను ఎన్నుకొన్నారు. అట్టడుగు లీగుల నుండి మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో, అంటే 2011 నాటికి, దేశంలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగులో అడుగుపెట్టారు. “క్లబ్బును ఎత్తుకుపోవచ్చు నాయనా, ఊరిని ఎత్తుకుపోలేరు గదా” అన్నది కూతురు.

ఆ కథ ఆయనకు ధైర్యమిచ్చింది. కొంత నిరాశ కూడా కలిగించింది. వింబుల్డన్ అభిమానులు వింబుల్డన్‌లోనే ఉన్నారు. తాను హైదరాబాదుకు ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కొండమీద ఉన్నాడు. క్లబ్బులు స్థాపించే శక్తి తనకు లేదు. అయినా తెలుగునాట ఆట పూర్తిగా అడుగంటలేదని ఆయన తనకు తాను నచ్చజెప్పుకొన్నాడు. విశాఖపట్నంలో పుట్టి హైదరాబాదుకు చేరిన శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23లోను, 2023-24లోను ఐ-లీగ్‌లో రెండవ స్థానం సంపాదించింది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండా నుండి వచ్చిన సౌమ్య గుగులోతు 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పురస్కారం అందుకొంది. రాయలసీమలోనే, అనంతపురంలోని క్రీడా అకాడమీలో పల్లెల పిల్లలు ఈ ఆట నేర్చుకొంటున్నారు.

ఈ విషయాలన్నీ ఆయన తండ్రికి వినిపించాడు. తండ్రి చాలాసేపు మౌనంగా ఉండి, తన కాలపు ముచ్చట చెప్పాడు. తాను హైదరాబాదులో ఉన్న రోజులకు రహీం లేడు. అయినా 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకొంది. ఆయన పాఠాలు నేర్చినవాళ్లు, వాళ్లను చూసి పెరిగినవాళ్లు ఇంకా మైదానాలలో ఉండడమే అందుకు కారణమని ఆ వృద్ధుని నమ్మకం. “ఆ తరవాత పిల్లకాయలు తగ్గిరి. జట్టు పోయిందని ఏడిస్తే ఏం లాభం? ముందు పోయింది పిల్లకాయలు” అని ఆయన ముగించాడు.

ఆ మాట కొడుకు మనస్సులో నాటుకొంది. తిరుమలలో స్థానికులు నివసించే బాలాజీనగర్ పరిసరాలలో సాయంత్రం వేళ పిల్లలు బంతాట ఆడుకొంటారు. కొండమీద చదునైన నేల దొరకడమే అరుదు. ఆ కాస్త నేలకూ ఒకవైపు పల్లం. ఎవరైనా కాస్త బలంగా తన్నితే బంతి పొదల్లోకి దొర్లిపోతుంది. చీకటి పడుతుందనీ, అడవి జంతువులు తిరుగుతాయనీ పెద్దలు అటు వెళ్లనివ్వరు. అంతటితో ఆనాటి ఆట ముగుస్తుంది. బంతి పోతుందన్న భయంతో పిల్లలు గట్టిగా తన్నడమే మానుకొన్నారు. అంగడిలో వారికి బంతులు అమ్మేది ఆయనే. బంతి పోయినప్పుడల్లా తనకు ఒక అమ్మకం పెరిగిందే గాని, ఒక ఆట ఆగిపోయిందని ఆయన ఇన్నాళ్లూ తలచలేదు.

ఆ సంవత్సరం హైదరాబాదు ప్రయాణాలకని దాచుకొన్న సొమ్ము ఇంట్లో అలాగే ఉంది. దానితో ఆయన తిరుపతిలో గట్టి నైలాను వల కొని తెచ్చాడు. అనుమతి అడిగి, పల్లం వైపు నాలుగు కర్రలు పాతించి, పిల్లల చేతనే వల కట్టించాడు. భార్య వల పొడవును, ధరను లెక్కవేసి, “ఈసారి కప్పు ఇంటికే వచ్చేటట్టుంది” అన్నది. తండ్రిని చేయిపట్టి నడిపించుకొని వచ్చి గట్టుమీద కూర్చొనబెట్టారు. డ్రిల్లు అయ్యవారు మెడలోని ఈలను పైకి తీసి, మొదటి అరగంట అందరూ ఎడమకాలితోనే ఆడాలని ఆజ్ఞాపించాడు. పిల్లలు గొణిగారు, తన్నబోయి పడ్డారు, పడి నవ్వారు.

కొంతసేపటికి బక్కపలుచని పిల్లవాడొకడు ఎడమకాలితో బలమంతా కూడదీసుకొని బంతిని తన్నాడు. అది గోలుకు ఎంతో దూరంగా, పల్లం వైపు దూసుకుపోయింది. పిల్లలందరూ అలవాటు చొప్పున “అయ్యో!” అని కేకవేశారు. బంతి వలకు తగిలి, ఆగి, మెల్లగా దొర్లుకొంటూ తిరిగి ఆటలోకి వచ్చింది. అయ్యవారు ఈల ఊదలేదు. “ఇంకా గట్టిగా తన్నరా, యాడికీ పోదులే” అన్నాడు.